నారింజ రంగు గాలికోటు

నీళ్ళలో మునగడానికి కూడా సర్వీసు చూసే ఆఫీసు ఉప్పల్‌లో ఒకటి ఉండేది. చెరువుల లోతులు, ఆనకట్టల పూడికలు కొలిచే కార్యాలయం. చుట్టుపక్కల జనం నీళ్ళాఫీసు అనేవాళ్ళు. దాని స్టోర్సు తాళాలు విశ్వనాథం దగ్గర ఉండేవి.

ఆ ఆఫీసులో కుర్చీకి చేతులుండాలా వద్దా అన్నది హోదాను బట్టి. ఫ్యాను కింద ఎవరు, కిటికీ పక్కన ఎవరు, మామిడి చెట్టున్న క్వార్టరు ఎవరిది, అంతా సీనియారిటీ ప్రకారం. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. విశ్వనాథానికీ ఒకప్పుడు కనిపించలేదు. భార్య పోయాక కనిపించింది. అప్పటినుంచి అతనికి అది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఎమర్జెన్సీ నాటి మాట ఇది. ఫ్రాన్సు నుంచి వచ్చి కొంతకాలం పనిచేసి వెళ్ళిన ఒక శాస్త్రవేత్త ఆదివారాలు మేడిపల్లి దాటాక ఉన్న పాత రాతిక్వారీ గుంతలో మునిగేవాడు. వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం, కాళ్ళకు రబ్బరు రెక్కలు. ఆయన్ని చూసి ఆఫీసులో కొందరికి సరదా పుట్టింది. ఆయన వెళ్ళిపోతూ సామానంతా సిబ్బంది వినోద సంఘానికి వదిలేశాడు. అందులో రెండు గాలికోట్లు ఉన్నాయి.

గాలికోటు అని పేరేగాని అది కోటు కాదు. రబ్బరు సంచి. తలలోంచి తొడుక్కుంటే మెడ చుట్టూ తిరిగి ఛాతీ మీదికి దిగుతుంది. నీళ్ళ అడుగున గొట్టంలోంచి దానిలోకి కొంచెం ఊదితే మనిషి మునగడు, తేలడు, ఉన్నచోట ఆగుతాడు. నిండా ఊదితే పైకొస్తాడు. గాలి వదిలేస్తే కిందికి పోతాడు. అది ఒంటికి సరిపడకపోతే మిగతా సామాను ఎంత గొప్పదైనా దండగే.

రెండింటిలో ఒకటి నల్లది, పెద్దది, పాతది. ఆ ఫ్రెంచాయన వాడింది. కుట్టు దగ్గర గాలి కారేది. రెండోది నారింజ రంగు. కొత్తది, చిన్నది. సన్నగా రివటలా ఉండే తన భార్య కోసం తెప్పించి, ఆమె రానేలేదు కనుక పెట్టెలోంచి తియ్యకుండానే ఇచ్చేశాడు.

నల్లదాన్ని విశ్వనాథం నాచారం తీసుకెళ్ళాడు. అతని అద్దె ఇల్లు అక్కడే. ఇంటి సందు మొదట్లో పీటర్ రబ్బరు అతుకులు వేసే కొట్టు. లారీ ట్యూబులు, ఫ్యాక్టరీల గొట్టాలు అతుకుతాడు. కోటును బల్ల మీద పరచి పీటర్ నోరు తెరిచాడు.

"ఏంది మామా ఇది? బర్రెకు కుట్టిచ్చిన్రా?"

"మనిషికే."

"గింత మనిషి ఎవడున్నడు మీ ఆఫీసుల?"

"ఉన్నడు. గాని ఆయన దీన్ని ఏస్కోడు."

"ఎందుకేస్కోడు?"

"పాతది గదా."

పీటర్ పగలబడి నవ్వాడు. "నీళ్ళల్ల ఎవడు సూస్తడు మామా, చేపలా?"

విశ్వనాథం నవ్వలేదు. భార్య పోయిన ఈ రెండేళ్ళలో అతను నవ్వడం పీటర్ చూడలేదు. అతుకు ఆరాక గాలి నింపి, తొట్టిలో ముంచి, బుడగ రాలేదని ఇద్దరూ చూసుకున్నారు. విశ్వనాథం కోటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం స్టోర్సు గదికి సూర్యకళ వచ్చింది. ఆఫీసులో కొత్తగా చేరిన శాస్త్రవేత్త. కాకినాడ పిల్ల. ఎముకలకు తోలు కప్పినట్టు ఉంటుంది గాని నీళ్ళలో దిగితే ఆమెను పట్టుకునేవాళ్ళు లేరు. ఫ్రెంచాయన దగ్గర అందరికన్నా బాగా నేర్చింది ఆమే. రెండు కోట్లూ తొడిగి చూసింది. నల్లది వేసుకుని ఊదగానే అది లేచి ఆమె గడ్డం కిందికి, చెవుల దాకా వచ్చింది.

"చూశారా విశ్వనాథంగారూ, నీళ్ళలో ఇది నా మొహం కప్పేస్తుంది. నారింజది నాకు సరిగ్గా ఉంది. నల్లది గంగాధరరావుగారికి. ఇంక ఆలోచించేదేముంది?"

"ఆలోచించేది మనం కాదమ్మా."

విశ్వనాథానికి చిన్ననాడు మోటబావిలో ఈత నేర్చుకున్న సంగతి గుర్తొచ్చింది. మేనమామ వీపుకు బెండు కట్టేవాడు. బక్కపిల్లలకు చిన్న బెండు, బొద్దుపిల్లలకు పెద్ద బెండు. ఎవరి కొడుకన్నది ఆయన అడిగేవాడు కాదు. దొర కొడుకు దిగినా, చాకలి కొడుకు దిగినా ఒంటిని చూసి కట్టేవాడు.

అంతలోనే గంగాధరరావు వచ్చాడు. ఉప సంచాలకుడు. గది ద్వారానికి అడ్డంగా నిలబడితే లోపల వెలుతురు తగ్గింది. వెనకాల జీపు డ్రైవరు శాంతయ్య, దొరగారి సంచి పట్టుకుని.

"ఏమయ్యా విశ్వనాథం, నారింజది రేపటికి సిద్ధం చేసి పెట్టు. నేను మొదట దిగుతున్నాను."

"సార్, అది చిన్నది," అంది సూర్యకళ. "మీకు నల్లది..."

"ఆ అతుకుల సంచా? అమ్మాయ్, ఈ ఆఫీసులో కొత్త జీపు వస్తే ఎవరు ఎక్కుతారు? కొత్త టైపు మిషను వస్తే ఎవరి గదికి పోతుంది?"

"టైపు మిషను పట్టుకుని ఎవరూ మునగరు సార్."

శాంతయ్య దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. గంగాధరరావు ఆ మాట వినిపించుకోకుండా నారింజ కోటు తీసి తల మీదుగా వేసుకున్నాడు. కాళ్ళ మధ్య నుంచి తెచ్చి నడుముకు బిగించాల్సిన పట్టీ పొట్ట దాకా రాలేదు. బెత్తెడు తక్కువైంది. లాగాడు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాడు.

"ఆ పట్టీ బిగిస్తేనే కోటు కిందికి ఆగుతుంది సార్. లేకపోతే గాలి నింపగానే పైకి జారుతుంది," అంది సూర్యకళ.

"వేలాడనీ. ఏమవుతుంది? నేను విశాఖపట్నంలో సముద్రంలో దిగి వచ్చినవాణ్ణి. ఇది గుంట."

"అదే సార్ నేను చెప్పేది. సముద్రంలో ఉప్పు మనిషిని పైకి తేలుస్తుంది, అందుకని అక్కడ మునగడానికి నడుముకు సీసం బిళ్ళలు ఎక్కువ కట్టుకుంటారు. క్వారీలో మంచినీళ్ళు. అంత సీసమే ఇక్కడా కట్టుకుంటే..."

"సీసం సంగతి నాకు తెలుసు. నువ్వు చేరి ఎన్నాళ్ళయింది?"

దొర వెళ్ళాక సూర్యకళ విశ్వనాథం వైపు తిరిగింది.

"మీరివ్వకండి. తాళం మీ దగ్గరుంది. పోయిందని చెప్పండి, చిరిగిందని చెప్పండి. ఏదో ఒకటి."

"రూలు ప్రకారం ఆయనదే ముందు."

"మీరు కూడానా?"

ఆమె వెళ్ళిపోయాక విశ్వనాథం నారింజ కోటును విప్పి, మడిచి, పైఅరలో పెట్టాడు. వేసుకోనీ, అనుకున్నాడు. కొత్తదే వేసుకోనీ. ముందు ఆయనే వేసుకోనీ.

రెండేళ్ళ కిందట ఇలాంటి ఎండపూటే పక్కింటివాళ్ళు నాచారం నుంచి పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చారు. అతని భార్య రాజేశ్వరమ్మ కడుపునొప్పితో నేల మీద పొర్లుతోంది, దవాఖానాకు తీసుకుపోవాలని. జీపు షెడ్డులోనే ఉంది. శాంతయ్య స్టీరింగు ముందు కూర్చుని, తాళంచెవి వేలికి తగిలించుకుని ఉన్నాడు. విశ్వనాథం గంగాధరరావు గదిలోకి దూసుకెళ్ళాడు. ఆయన భోజనం చేస్తున్నాడు. టిఫిను గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"జీపు అధికారుల కుటుంబాలకయ్యా. నీ గ్రేడుకు వర్తించదు. ఇవాళ నీకిస్తే రేపు అటెండర్లు కూడా అడుగుతారు."

విశ్వనాథం షెడ్డుకు వచ్చి శాంతయ్యను అడిగాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. శాంతయ్య దించిన తల ఎత్తకుండా, "నేనేం జేస్త సారూ, రూలు," అన్నాడు. తాళంచెవి వేలికే ఉంది. చివరికి ఇంటి దగ్గర రిక్షా దొరికింది. తార్నాక ఇంకా రాకముందే రాజేశ్వరమ్మ తల అతని భుజం మీద బరువైపోయింది. లోపల పేగు పగిలిందని, ఇంకాస్త ముందు తెస్తే బతికేదని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా జీపు షెడ్డులోంచి కదలలేదు.

దినాలకు ఆనవాయితీ ప్రకారం ఆఫీసు గంగాధరరావు పేరున దండ పంపింది. విశ్వనాథం ఆ దండను మురిక్కాలవలో పడేశాడు. శాంతయ్య స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడితే తలుపు వేశాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అతనితో పని మాట తప్ప మాట లేదు.

ఆదివారం పొద్దున వాళ్ళు క్వారీ దగ్గర జీపు దిగారు. నిజాం కాలంలో రాయి తీసి వదిలేసిన గుంత. మూడు పక్కలా నిలువు గోడ, ఒక పక్క మెట్టులా బండ. బండ దాటితే అడుగు ఎక్కడో తెలియదు. గేదెలు కాసే ముసలాడొకడు గట్టు మీద కూర్చుని చోద్యం చూస్తున్నాడు.

"ఏం పోయిందని దేవులాడుతున్నరు సారూ?"

"ఏం పోలే. ఊరికె మునుగుతరు," అన్నాడు శాంతయ్య.

"ఊరికెనా? జీతమిచ్చి మునుగుమంటరా?"

"లేదు తాతా, సొంత ఖర్చే."

ముసలాడు తల కొట్టుకుని గేదెల వైపు తిరిగాడు.

దిగే మనిషి నడుముకు తాడు కట్టి, రెండో కొస గట్టు మీదివాళ్ళు పట్టుకోవడం సంఘం పెట్టుకున్న పద్ధతి. తాడు విశ్వనాథం పట్టేవాడు. మోటతోలిన చేతులు. పట్టు తప్పేవి కావు.

గంగాధరరావు సీసం బిళ్ళల బెల్టు కట్టుకున్నాడు. సముద్రంలో కట్టుకున్నన్ని బిళ్ళలూ ఉన్నాయి, ఒక్కటీ తియ్యలేదు. దాని మీద నారింజ కోటు. మెడ దగ్గర బిగుసుకుని, కింద పట్టీ తోకలా వేలాడుతోంది. సూర్యకళ ఆఖరిసారి అడిగింది.

"రెండు బిళ్ళలన్నా తీసెయ్యండి సార్."

"నువ్వు నల్లది వేసుకుని నీ వంతు కోసం చూడు."

ఆమె విశ్వనాథాన్ని చూసింది. విశ్వనాథం తాడు ముడిని చూశాడు. ముడి గట్టిగానే ఉంది. అంతకుమించి చూడవలసిన బాధ్యత తనది కాదు. అవును, కాదు. రూలు.

గంగాధరరావు బండ చివరికి నడిచి దిగాడు. దిగడం కాదు, జారాడు. నెత్తి మీద నీళ్ళు కలుసుకున్నాయి. బుడగలొచ్చాయి. కాసేపటికి కాళ్ళ రెక్కలు కొట్టి తల పైకి తెచ్చాడు. నోట్లో గొట్టం ఊడదీసి, గట్టు మీదివాళ్ళకు వినబడేలా, "ఏదీ, ఏమైంది?" అని అరవబోయాడు. అంతలో సీసం కిందికి లాగింది. కంగారుగా కోటులోకి ఊదాడు. పట్టీ లేని కోటు ఉబ్బి పైకి జారింది. గడ్డం కిందికి, బుగ్గల మీదికి, కళ్ళ మీదికి. ఒళ్ళేమో సీసంతో కిందికి, కోటేమో గాలితో పైకి. మధ్యలో మొహం ఇరుక్కుపోయింది. శ్వాస గొట్టం ఎటో పోయింది. బెల్టు విప్పుకోవలసిన చేతులు రెండూ కోటును పీక్కుంటున్నాయి.

"తాడు! తాడు లాగండి!" సూర్యకళ అరిచింది.

విశ్వనాథం తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు బిగుసుకుని వణుకుతోంది. నీళ్ళ మీద నారింజ రంగు కనిపించి మాయమవుతోంది. రిక్షాలో రాజేశ్వరమ్మ చీర కొంగు చక్రంలో పడకుండా తను చేత్తో ఎత్తి పట్టుకోవడం గుర్తొచ్చింది. అప్పుడు రోడ్డు పొడుగునా తను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, జీపు వస్తుందేమోనని. రాలేదు.

ఆయన లోపలికి పోతున్నాడు. తను లాగలేదు. అంతే. తనేమీ చెయ్యలేదు.

"సారూ!" శాంతయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు. తాడు మీద చెయ్యి వెయ్యడానికి భయపడుతున్నాడు. మొహం పాలిపోయింది. "గుంజు సారూ. నీ కాల్మొక్త. నా లెక్క నిలబడకు."

ఆ మాట విశ్వనాథానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. వీడా తనకు చెప్పేది? వీడి లెక్కనా? వేలికి తాళంచెవి తగిలించుకుని తల దించుకున్న ఈ నీచుడూ తనూ ఒకటా? కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ కోపంతోనే లాగాడు. మోట లాగినట్టు, బండకు కాళ్ళు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాడు. తాడు అరచేతుల్లో తోలు లేపింది. సూర్యకళ నీళ్ళలోకి దూకి బెల్టు బకిలీ ఊడగొట్టింది. సీసం వెళ్ళి అడుగున పడింది. గంగాధరరావు బండ మీదికి చేప పడ్డట్టు పడ్డాడు.

చాలాసేపు నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచి, తాడు ఇంకా పట్టుకునే ఉన్న విశ్వనాథాన్ని చూశాడు. ఆయన పెదాలు నీలం తిరిగి ఉన్నాయి.

"విశ్వనాథం... నువ్వు లేకపోతే నేను..."

"జీపు ఎందుకియ్యలేదు?"

"ఏంటి?"

"ఆ దినం. జీపు ఎందుకియ్యలేదు నువ్వు?"

ఆఫీసులో ఎవరూ గంగాధరరావును 'నువ్వు' అని ఎరగరు. సూర్యకళ తడిజుట్టు పిండుకుంటూ ఆగిపోయింది. గంగాధరరావుకు కోపం రాలేదు. ఆశ్చర్యమే వచ్చింది. మోచేతి మీద లేచి, విశ్వనాథం మొహంలోకి నిజంగానే వెతికాడు.

"జీపేమిటయ్యా? ఏ రోజు?"

రెండేళ్ళుగా విశ్వనాథం ఈ ప్రశ్నకు ఆయన చెప్పబోయే జవాబులన్నీ మనసులో ఊహించి పెట్టుకున్నాడు. రూలు అంటాడని, అప్పుడు తను ఏమనాలో. తప్పయిందంటాడని, అప్పుడు తను ఎలా ఉమ్మెయ్యాలో. ఇది మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆయనకు గుర్తే లేదు. రాజేశ్వరమ్మ ఆయన లెక్కలో చావను కూడా లేదు.

విశ్వనాథం వంగి, ఆయన మెడలోంచి నారింజ కోటు ఊడదీశాడు. మెల్లిగా కాదు. చెవులు ఎర్రబడేలా లాగాడు. గాలి తీసి, నీళ్ళు దులిపి, "ఇటు రా అమ్మా," అని సూర్యకళ తల మీదుగా తొడిగాడు. తనే వంగి పట్టీ తెచ్చి నడుముకు బిగించాడు. సరిగ్గా సరిపోయింది. ఆమె గొంతు దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూశాడు. సీసం బిళ్ళలు ఆమె చెప్పినన్నే వేరే బెల్టుకు ఎక్కించాడు. సిలిండరు వీపుకు తగిలించి, తాడు కొస ఆమె నడుముకు ముడేశాడు.

గంగాధరరావు ఊపిరి నిలదొక్కుకుంటున్నాడు. ఊపిరితోపాటే ఉద్యోగమూ వెనక్కి వచ్చింది.

"అది నా కోటు. నా తరవాత ఎవరు దిగాలో నేను చెబుతాను. ఆగు."

"నల్లది ఉంది. దినమంతా కూసోని అతుకేయించిన. బర్రెకు సరిపోతది, నీక్గూడ సరిపోతది."

గట్టు మీద ముసలాడు కిచకిచ నవ్వాడు.

"రేపు ఆఫీసులో నీ సంగతి మాట్లాడతాను విశ్వనాథం. నీ పెన్షను..."

"మాట్లాడు. మాట్లాడనీకే గుంజిన. సచ్చినోన్ని అడిగితే జవాబు రాదు. నువ్వు బతికి ఉండు. నీకు యాదికొచ్చేదాంక రోజు నీ గదికొచ్చి అడుగుత. అన్నం తింటుంటే అడుగుత. నువ్వు తల ఎత్తేదాంక అడుగుత."

గంగాధరరావు తువ్వాలు కోసం శాంతయ్య వైపు చెయ్యి చాపాడు. శాంతయ్య తువ్వాలు ఇవ్వలేదు. విశ్వనాథం చేతుల వైపు చూస్తున్నాడు. తాడు మీద నెత్తురు మరకలున్నాయి.

"జర నాకియ్యి సారూ తాడు. నేను పట్టుకుంట. నీ చేతులు పోయినయి."

"నీకియ్య."

"సారూ..."

"గుంజుమని సెప్పినవ్. మంచిగ జెప్పినవ్. గాని నీకియ్య. పక్కకు జరుగు."

శాంతయ్య జరిగాడు. జీపు దగ్గరికి పోయి బానెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

సూర్యకళ నీళ్ళలోకి దిగింది. బండ చివర ఒక్కసారి తేలి, చెయ్యి ఎత్తి, కోటులోంచి గాలి వదిలి, చప్పుడు లేకుండా మాయమైంది. తాడు విశ్వనాథం చిట్లిన అరచేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. మంటగా ఉంది. అతను వదల్లేదు, సడలించలేదు. నీళ్ళ మీద బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. అవి వచ్చినంతసేపూ అతను వెనక్కి తిరిగి ఎవరినీ చూడలేదు.